కాకి లెక్క

మార్చి ముప్పై ఒకటి. రాత్రి పన్నెండింటికి పోర్టల్ మూసేస్తారు.
చేపాక్‌లో, సముద్రం వైపే ఉండి కూడా
ఎన్నడూ తెరుచుకోని కిటికీ పక్కన మా ర్యాంకింగ్ సెల్:
నేను, రెండు కంప్యూటర్లు, ఏసీ కింద ఒక బకెట్టు.

కొసప్పేటలో మా తాత బియ్యం కొలిచేవాడు.
సోల, తవ్వ, మానిక.
కుంచం మీద గోపురంలా నిలబడ్డ గింజల్ని
అరచేత్తో ఒక్క రాపు రాసి
"ఇప్పుడైంది కొలత" అనేవాడు.
నాకు జీతమిచ్చేది
ఆ గోపురం పెంచడానికి.

మూడేళ్ల పేపర్లు నాలుగు వేల మూడు వందల పద్దెనిమిది.
అందులో మూడు వందల ఆరు
ఈ మెట్లు ఎన్నడూ ఎక్కని ఒక పెద్దాయనవి.
ఆయన ఉండేది వేరే ఖండం. మా చిరునామా మాత్రం
ఆయన పేరు కింద చిన్నక్షరాల్లో ఉంటుంది.
మెకానికల్ వాళ్లు సివిల్ వాళ్లని ఉటంకిస్తారు,
సివిల్ వాళ్లు మెకానికల్ వాళ్లని.
పెళ్లిలో చదివింపులే:
నువ్వు నూటపదహార్లు రాయిస్తే
నీ ఇంటి పెళ్లికి నా నూటపదహార్లు.

కన్సల్టెంటు కుర్రాడు ఫోన్లో నిట్టూర్చాడు:
"సార్, మనల్ని కిందికి లాగుతున్నది జువాలజీ."

జువాలజీ అంటే సెంగమలం మేడం.
పందొమ్మిదేళ్లుగా, సాయంత్రమైతే డాబా ఎక్కి
కూవం మీదుగా గూటికి తిరిగొచ్చే కాకుల్ని లెక్కపెడుతుంది.
ఇరవై ఏడు పొడుగు నోటుబుక్కులు.
పేపరు ఒకటి. దాన్ని అచ్చేసిన పత్రిక మూతపడింది.
ఉటంకింపులు రెండు,
ఒకదాంట్లో పేరు తప్పు.
ఒకటి అని కొట్టాను. రెండు అని కొట్టాను.
పక్క గడిలోకి వెళ్లబోతుంటే సర్వరు బిగుసుకుపోయింది.

సంతకం ఒకటి బాకీ ఉంటే పైకి వెళ్లాను.
శుక్లం ఆపరేషను, ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ.
"ఎన్న తంబి, కణక్కు ముడింజుదా?"
కణక్కంటే లెక్కే. ముగియలేదన్నాను.
"అయితే పడమర నువ్వు చూడు."
చేతిలో ఒక కౌంటరు పెట్టింది, టిక్కుటిక్కుమనేది,
కండక్టరు ఈలకుండే తాడుతో.

మొదట ఒక్కొక్కటే వచ్చాయి, చిల్లర పైసల్లా.
తర్వాత అయిదేసి.
స్టేడియం దీపస్తంభాల వెనక నుంచి
ఎవరో మసిగుడ్డ దులిపినట్టు ఒక్కసారిగా.
రెండు వందల పన్నెండు దగ్గర
ఒకటి వెనక్కి తిరిగింది.
దాన్నే మళ్లీ లెక్కపెట్టానా?
బొటనవేలు ఆగింది. కాకులు ఆగలేదు.

"ఎంత?"
అలవాటుగా నా నోరు గుండ్రటి అంకె వెతుక్కుంది:
"రెండు వందల యాభై..."
పెన్ను కదల్లేదు.
గుడ్డ లేని కన్ను నావైపు తిరిగింది.

"రెండు వందల పన్నెండు," అన్నాను.
"ఆ తర్వాత లెక్క తప్పింది."

రాసింది. అంకె, నా పేరు,
పక్కనే తమిళంలో ఆ రెండో మాట కూడా.
పాత పేజీలు గాలికి తిరుగుతున్నాయి:
వాన. కళ్లద్దాలు తడిశాయి.
వరద. కాకులు వచ్చాయి, నేను రాలేదు.
నిన్న రాసింది ఎక్కువ.
అమ్మ. లెక్క లేదు.

దొంగ లెక్కని మా భాషలో కాకి లెక్క అంటారని
ఆవిడకి చెప్పలేదు.

పదకొండూ నలభైకి సర్వరు లేచింది.
ఎవరూ చూడకుండా ఒక గడిలో
'లెక్క తప్పింది' అని కొట్టి చూశాను.
ఎర్రగా వచ్చింది: అంకెలు మాత్రమే.
చెరిపేశాను. పంపేశాను.

ఆగస్టులో ర్యాంకు తొంభై ఏడు.
మైసూర్‌పాకు పంచారు, ఫొటోలు దిగారు.
ఒక పెట్టె పట్టుకుని డాబా ఎక్కాను.
ఎందుకని అడగలేదు. ముక్క విరిచి నోట్లో వేసుకుని
కౌంటరు నా చేతికిచ్చింది,
సున్నాకి తిప్పి.